వర్తక సంఘం చందాతో ఉచిత న్యాయ సాయం: ఏ దారి ఎవరికి, ఎంత ఖర్చుకు

వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేయించే ఒక చిన్న యజమానికి సరుకు బాపతు 85,000 రూపాయల చెక్కు వచ్చిందనుకుందాం. బ్యాంకులో వేస్తే తిరిగొచ్చింది. చెక్కు ఎందుకు చెల్లలేదో చెబుతూ బ్యాంకు ఇచ్చే రిటర్న్ మెమో చేతికందింది మార్చి 4న. అక్కడి నుంచి 30 రోజుల్లో, అంటే ఏప్రిల్ 3 లోపు, చెక్కు ఇచ్చినవాడికి రాతపూర్వకంగా నోటీసు పంపాలి. ఆ నోటీసు ఏప్రిల్ 8న ముట్టితే డబ్బు కట్టడానికి అతనికి 15 రోజులు, అంటే 23 దాకా. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెల లోపల మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు పడాలి. మే 23 దాటనివ్వకుంటే ఏ పేచీ ఉండదు. నోటీసులో అడిగే మొత్తం చెక్కు మీది అంకెతో అచ్చంగా కలవాలి. 85,000 బదులు 58,000 అని పడితే, అది టైపింగ్ పొరపాటేనని తర్వాత చెప్పుకున్నా పనికిరాదని సుప్రీంకోర్టు 2025లో తేల్చింది. వడ్డీ, ఖర్చులు అడగాలనుకుంటే వేరే వాక్యంలో వేరేగా అడగాలి.

ఇది వకీలుకు అరగంట పని. కానీ ఆ మెమో జేబులో పెట్టుకుని 'వచ్చే వారం ఇస్తానన్నాడులే' అని తిరిగే వ్యాపారికి ఏప్రిల్ 3 ఎప్పుడు దాటిందో కూడా తెలియదు. గడువు దాటినా ఒక్కోసారి దారి ఉంటుంది. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలలు నిండకపోతే దాన్ని మళ్లీ బ్యాంకులో వేయొచ్చు. మళ్లీ తిరిగొస్తే కొత్త మెమో, కొత్త 30 రోజులు. ఈ ముక్క చెప్పేవాళ్లు సమయానికి దొరకరు, అంతే.

వర్తక సంఘమో, చేతిపనివాళ్ల సొసైటీయో, కాలనీ దుకాణదారుల కమిటీయో చందా పోగేసి సభ్యులకు ఉచిత న్యాయ సాయం పెట్టాలనుకున్నప్పుడు అందరి మనసులోకీ ముందు వచ్చేది 'కేసుల ఫండు'. మా అభిప్రాయంలో అది ఆఖరున పెట్టాల్సిన ఖర్చు. చిన్న వ్యాపారం తాలూకు గొడవలు చాలావరకు కోర్టు మెట్లెక్కకముందే, కాగితం అందిన మొదటి రెండు మూడు వారాల్లోనే గెలుపో ఓటమో అయిపోతాయి. అందుకే కింద ప్రతి దారినీ ఒకటే ప్రశ్నతో కొలిచాం: కాగితం చేతికందిన వారం తిరక్కముందే అది తెలిసినవాళ్ల కంట పడుతుందా?

ముందు సొంత చిట్టా తీయండి

ఎవరిని పెట్టుకోవాలో తేల్చుకునే ముందు, గత రెండేళ్లలో సభ్యులకు వచ్చిన చిక్కులు ఏమిటో కార్యదర్శి ఒక పుస్తకంలో రాయాలి. పేర్లు అక్కర్లేదు, రకాలు చాలు. రాసి చూస్తే సగం వాటికి కోర్టు వకీలే అక్కర్లేదని తేలుతుంది.

జీఎస్టీ నోటీసు వస్తే చార్టర్డ్ అకౌంటెంటు గానీ, నమోదైన జీఎస్టీ ప్రాక్టీషనరు గానీ, ఆఖరికి దుకాణంలో రోజూ లెక్కలు రాసే ఉద్యోగి గానీ యజమాని తరఫున అధికారి ముందుకు వెళ్లొచ్చు. అక్కడ కావాల్సింది గడువు కాపలా. ఉత్తర్వు మీద అప్పీలుకు మూడు నెలలు, తగిన కారణం చూపితే ఇంకొక్క నెల, ఆ పైన తలుపు మూసినట్టే. ఒప్పుకున్న పన్ను మొత్తం, వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి కాబట్టి డబ్బు కూడా సిద్ధంగా ఉండాలి.

వినియోగదారుల కమిషన్ నుంచి దుకాణం మీద నోటీసు వస్తే యజమాని తనే వెళ్లి చెప్పుకోవచ్చు. కానీ రాతపూర్వక జవాబుకు 30 రోజులు, కమిషన్ దయ తలిస్తే ఇంకో 15. ఆ 45 దాటితే తీసుకునే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పేసింది. 'వకీలు ఊళ్లో లేడు' అన్న మాట అక్కడ నడవదు.

కిరాయికున్న మడిగె (దుకాణం గది) ఖాళీ చేయమని దాని ఓనరు నోటీసిస్తే సంగతి వేరు, అది వకీలు చూడాల్సిందే. ఈలోగా ఓనరు కిరాయి తీసుకోనంటే ఊరుకోకుండా బ్యాంకు ద్వారా పంపి, పంపినట్టు రుజువు దాచుకోవాలి. కిరాయి ఎగ్గొట్టాడన్న మాట పడితే మిగతా వాదనంతా బలహీనమవుతుంది.

ఇక ఉద్దెర బాకీలు. ఖాతా పుస్తకంలో ఎంత చక్కగా రాసి ఉన్నా మామూలు బాకీకి దావా గడువు మూడేళ్లు. గడువు లోపల బాకీదారు సంతకంతో ఒప్పుకోలు తీసుకుంటే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మొదలు. మార్చి 31 లెక్కలు ముగించేటప్పుడు 'ఈనాటికి నేను ఫలానా దుకాణానికి ఇవ్వాల్సింది ఇంత' అని ఒక్క వాక్యం రాయించి, తేదీ వేయించి, సంతకం పెట్టించుకునే అలవాటును సంఘం తెస్తే చాలు. దీనికయ్యే ఖర్చు కాగితం ముక్క. అడగడానికి మొహమాటపడేవాళ్లకు సంఘం పేరుతో అచ్చు వేసిన ఫారం ఇస్తే, 'సంఘం వాళ్లు అడుగుతున్నారు అన్నా' అనేయొచ్చు.

మొదటి దారి: న్యాయ సేవాధికార సంస్థ

ప్రతి జిల్లాలోనూ ఉండే ఈ సంస్థ గురించి వ్యాపారుల్లో పాతుకుపోయిన అపోహ: 'అది బీదవాళ్లకు, మనకు కాదు.' 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ చదివితే అర్హుల్లో మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, వికలాంగులు ఉన్నారు. వీళ్లకు ఆదాయ పరిమితితో పని లేదు. ఆ సెక్షన్ చెప్పిన ఇలాంటి వర్గాల్లో లేనివాళ్లకే రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి. అంటే టైలరింగ్ దుకాణం నడిపే మహిళకు, ఆమె ఆదాయం ఎంతైనా, వకీలు, కోర్టు ఫీజు, నకళ్ల ఖర్చు సహా ఉచితంగా అందొచ్చు. కేసులో పస ఉందా అని సంస్థ ఒకసారి చూసుకుంటుంది, అంతే.

ఇక్కడే ఒక మెలిక. మన ఊళ్లలో చాలా దుకాణాలు భార్య పేరు మీద ఉంటాయి, నడిపేది భర్త. బిల్లు, జీఎస్టీ, బ్యాంకు ఖాతా ఆమె పేరుతో ఉంటే బాకీ చట్టరీత్యా ఆమెకే రావాలి, కాబట్టి దరఖాస్తుదారు ఆమే. అయితే గొడవ మొదలయ్యాక అర్హత కోసం కాగితాలు భార్య పేరుకు మార్చే ఆలోచన మానుకోండి. పాత బిల్లులు ఎవరి పేరు మీద ఉంటే బాకీ వాళ్లదే. ఒంటరి యాజమాన్యంలో యజమానీ దుకాణమూ చట్టం దృష్టిలో ఒకటే కాబట్టి చిక్కు లేదు. పార్టనర్‌షిప్ ఫర్మ్ పేరుతో దరఖాస్తు పెడితే మాత్రం 'అర్హత ఎవరిది' అన్న ప్రశ్న తప్పకుండా లేస్తుంది.

2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. అడ్రసులు ఇంకా కలగాపులగంగానే రాస్తున్నాం. హనుమకొండ, కాజీపేట వైపు దుకాణమైతే హనుమకొండ జిల్లా సంస్థ, వరంగల్, ఖిలా వరంగల్ మండలాలైతే వరంగల్ జిల్లా సంస్థ. తప్పు చోట దరఖాస్తు ఇచ్చి రెండు వారాలు పోగొట్టుకోవడం కన్నా ముందే న్యాయ సాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసి అడగడం మేలు.

ఈ దారిలో సంఘానికయ్యే ఖర్చు దాదాపు సున్నా. ఆధార్, అవసరమైతే కుల లేదా ఆదాయ ధ్రువపత్రం, గొడవ తాలూకు కాగితాల రెండు జిరాక్సు సెట్లు, తేదీలవారీగా ఏం జరిగిందో ఒక పేజీ. ఇవి సిద్ధం చేసి పెట్టే గుమాస్తా ఒకరు చాలు. లోపం ఎక్కడంటే ప్యానెల్ వకీలును (సంస్థ జాబితాలోని వకీలును) ఎంచుకునే వీలు మీకు తక్కువ, నియామకం అయ్యేదాకా ఆగాలి. 30 రోజుల గడువులో 20 రోజులు గడిచాక అటు వెళ్తే ఆ ఆగడమే ముంచుతుంది. కాబట్టి గడువు దగ్గరపడిన కాగితానికి ముందు జవాబు వేరే దారిలో పంపించి, ఆ తర్వాత ఇక్కడికి తేవాలి.

అర్హత లేనివాళ్లకు కూడా ఈ సంస్థ రెండు పనులకు ఉపయోగపడుతుంది. ఒకటి లోక్ అదాలత్. కోర్టుకు పోకముందే ఎదుటి పక్షాన్ని పిలిపించి రాజీ కుదిర్చే వీలుంది. కుదిరితే వచ్చే అవార్డు (తీర్పు) సివిల్ డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కోర్టులో ఉన్న కేసు అక్కడ తేలితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. రెండోది, మూడు లక్షలు ఆ పైబడిన వ్యాపార వివాదాల్లో తప్పనిసరి మధ్యవర్తిత్వం. అత్యవసర ఉత్తర్వు అడగాల్సిన పరిస్థితి లేకపోతే, ముందు ఇక్కడ దరఖాస్తు పెట్టకుండా నేరుగా దావా వేస్తే కోర్టు తిరగ్గొడుతుంది. దరఖాస్తు రుసుము వెయ్యి రూపాయలు. ఎదుటివాడు రాకపోతే రాలేదని రిపోర్టు ఇస్తారు, దానితో దావా వేసుకోవచ్చు. ఇందులో గడిచిన కాలం మూడేళ్ల గడువులో లెక్కకు రాదు.

రెండో దారి: నెలసరి ఫీజు మీద వకీలు, సంఘం ఆఫీసులో కూర్చోబెట్టడం

మధ్యతరగతి దుకాణదారులు ఎక్కువగా ఉన్న సంఘానికి మేం గట్టిగా చెప్పేది ఇదే. న్యాయ సేవాధికార సంస్థకు అర్హత లేక, సొంతంగా వకీలును పెట్టుకునే స్తోమతా ధైర్యమూ లేక మధ్యలో నలిగేది వీళ్లే.

లెక్క ఒకసారి వేసి చూద్దాం. ఫీజులు మనిషిని బట్టి, ఊరిని బట్టి మారతాయి, ఇది తీరు చూపడానికే. రెండు వందల మంది సభ్యులు నెలకు వంద చొప్పున ఇస్తే ఏడాదికి 2,40,000. వకీలుకు నెలకు 12,000 అంటే 1,44,000. కాగితాలు అందుకుని వరుస పెట్టే గుమాస్తాకు సాయంత్రాల పనికి నెలకు 3,000, ఏడాదికి 36,000. టైపింగ్, పోస్టు, జిరాక్సులకు నెలకు 2,000, ఏడాదికి 24,000. మిగిలిన 36,000 కోర్టు ఫీజుల నిల్వ. వారానికి రెండు పూటలు, రెండేసి గంటలు. మనిషికి 20 నుంచి 25 నిమిషాలు పెడితే పూటకు ఐదుగురు, నెలకు 40 మంది. నిల్వ తీసేస్తే ఒక్కో సలహాకు 425 రూపాయలు పడుతుంది. ఖాళీలు మిగిలితే ఆ ధర పెరుగుతుంది కాబట్టి మొదటి మూడు నెలలు ఎంతమంది వస్తున్నారో చూసి, తక్కువైతే వారానికి ఒక్క పూటకు దించండి.

వేళ ముఖ్యం. కోర్టు పని అయ్యి వకీలు తేరుకునేది సాయంత్రం ఆరు తర్వాతే. దుకాణాలకు అది గిరాకీ వేళ అనే మాట నిజమే, కానీ పొద్దున పదింటికి పెడితే వకీలు రాడు. ఆదివారం పొద్దున ఒక పూట, వారం మధ్యలో ఒక సాయంత్రం పెడితే ఇద్దరికీ కుదురుతుంది. చోటు మాత్రం అధ్యక్షుడి దుకాణంలో వద్దు. తలుపున్న గది కావాలి.

తలుపు ఎందుకంటారా? వకీలుకు కక్షిదారు చెప్పిన మాటలకు భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఆ రక్షణ వకీలుకూ, ఆయన గుమాస్తాకూ వర్తిస్తుంది. పక్కన కుర్చీలో కూర్చుని విన్న సంఘం కార్యదర్శికి వర్తించదు. రేపు ఎదుటి పక్షం కార్యదర్శినే సాక్షిగా పిలిస్తే ఆయన చెప్పక తప్పదు. మన సంఘాల్లో అందరూ అందరి సంగతుల్లో కూర్చోవడం అలవాటు. ఈ ఒక్క గదిలో మాత్రం ఆ అలవాటు మానుకోవాలి.

ఒప్పంద పత్రంలో తప్పక రాయాల్సినవి ఉన్నాయి. కక్షిదారు సభ్యుడే, సంఘం కాదు. ఫీజు ఇచ్చేది సంఘం కాబట్టి ఏ కేసు తీసుకోవాలో, ఎలా నడపాలో సంఘం చెప్పదు. నెలాఖరున సంఘానికి అందేది పేర్లు లేని లెక్క మాత్రమే: ఎంతమంది వచ్చారు, ఏ రకం చిక్కులు, ఎన్ని నోటీసులు పంపారు. పనుల హద్దు కూడా రాయాలి: సలహా, నోటీసు, జవాబు, దరఖాస్తు నింపడం. కోర్టులో హాజరుకు వేరే ఫీజు, అది సభ్యుడికీ వకీలుకూ మధ్య. గెలిస్తే ఇంత శాతం అన్న బేరం మాత్రం రాయొద్దు, నోటితో కూడా వద్దు. బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని నిషేధించాయి.

పూర్తికాలం జీతం మీద పెట్టుకుందాం, చవకవుతుంది అని ఎవరైనా అంటే ఆపండి. పూర్తికాలం జీతగాడిగా చేరిన వకీలు ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రాక్టీసు చేయకూడదు. అప్పుడు ఆయన కోర్టులో మీకు పనికిరాడు.

పన్ను సంగతి చిన్నదే కానీ మరచిపోతే జరిమానా. సంఘం ఏడాదికి 50,000 దాటి వృత్తి ఫీజు ఇస్తే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి. పై లెక్కలో అది 14,400. దానికి సంఘానికి పాన్‌తో పాటు, పన్ను కోసేవాళ్లకు ఇచ్చే టాన్ నంబరు కావాలి. వకీలు ఫీజు మీద జీఎస్టీ భారం పుచ్చుకునేవాళ్ల మీద పడుతుంది గానీ, సంఘం రాబడి నమోదు పరిమితికి లోపల ఉంటే అది లేదు.

ఒక్క వకీలుతో సరిపెట్టుకోవద్దు. సభ్యుడికీ సభ్యుడికీ గొడవ రాకుండా ఉండదు. బట్టల బజారులో ఒకే వీధిలో ఇద్దరూ సభ్యులే అయిన హోల్‌సేలరు, రిటైలరు మధ్య బాకీ పేచీ వస్తే మొదట వచ్చినవాడి మాట విన్న వకీలు రెండోవాడికి సలహా ఇవ్వలేడు. అందుకని పూటకు ఇంతని ఒప్పుకుని అవసరమైనప్పుడే పిలిచే మరో వకీలు పేరు ముందే రాసి పెట్టుకోవాలి.

ఇక ఫ్లెక్సీ. సేవ మొదలైన రోజే హనుమకొండ చౌరస్తాలో అధ్యక్షుడి ఫోటో, పక్కన నల్లకోటులో వకీలు ఫోటో, కింద ఫోన్ నంబరు. ఈ ఉత్సాహం వకీలు మెడకే చుట్టుకుంటుంది, ఎందుకంటే వకీళ్లు ప్రచారం చేసుకోకూడదు. 'ఉచిత న్యాయ సలహా, ఫలానా వారాలు, సంఘం ఆఫీసు' అని రాస్తే సరిపోతుంది. పేరు, ఫోటో అక్కర్లేదు. అధ్యక్షుడి ఫోటో మీ ఇష్టం.

మూడో దారి: లా కాలేజీ విద్యార్థులు, పారా లీగల్ వలంటీర్లు

హనుమకొండలో కాకతీయ విశ్వవిద్యాలయం లా కాలేజీ ఉంది. లా కాలేజీలు న్యాయ సహాయ క్లినిక్ నడపడం చదువులో భాగమే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పారా లీగల్ వలంటీర్లను, అంటే వకీళ్లు కాకపోయినా న్యాయ విషయాల్లో తర్ఫీదు పొందిన సాయకులను, కూడా తయారు చేస్తుంది. సంఘం ఇవ్వాల్సింది గది, బల్ల, ఇంటర్నెట్టు, ప్రింటరు, వచ్చేవాళ్లకు దారి ఖర్చులు, చాయ్.

వీళ్లు కోర్టులో నిలబడలేరు, సొంతంగా లీగల్ నోటీసు ఇవ్వలేరు. కానీ ఫారాలు, తేదీలు, కాగితాల వరుస విషయంలో ఓపిక ఉన్న విద్యార్థి అనుభవమున్న వకీలు కన్నా నయం. చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదే చూడండి. ప్రభుత్వ పోర్టల్‌లో అది పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్, జీఎస్టీ వర్తించేవాళ్లకు ఆ నంబరు ఉంటే అయిపోతుంది. అదే పేరుతో కనిపించే ప్రైవేటు సైట్లలో వేలు కట్టి మోసపోయేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఈ నమోదు విలువ తెలియాలంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) చట్టం చూడాలి. సూక్ష్మ, చిన్న పరిశ్రమ సరుకిచ్చాక కొన్నవాడు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి. రాతపూర్వక ఒప్పందం లేకుంటే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే 'బ్యాంకు రేటు'కు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. ఇలాంటి బాకీలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. కౌన్సిల్ అవార్డును కొన్నవాడు సవాలు చేయాలంటే అందులో 75 శాతం ముందే డిపాజిట్ కట్టాలి, చాలామంది అక్కడే దిగొస్తారు. సిరిసిల్ల మరమగ్గాల యజమానులకు, పెంబర్తి ఇత్తడి పనివాళ్లకు, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పనివాళ్లకు ఇంతకన్నా పదునైన పనిముట్టు లేదు. కానీ రెండు హెచ్చరికలు. నమోదు సరుకు పంపకముందే అయి ఉండాలి, గొడవయ్యాక చేసుకుని పాత బిల్లులకు వాడుకుందామంటే కుదరదనుకోవడమే క్షేమం. రెండు, 2021లో చిల్లర, టోకు వర్తకులను కూడా ఉద్యమ్‌లోకి తీసుకున్నారు గానీ అది బ్యాంకు రుణాల ప్రాధాన్యం వరకే. కొని అమ్మే కిరాణా టోకు వ్యాపారికి ఈ 45 రోజుల రక్షణ దొరకదు. ఉద్యమ్ సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్న ఎంతోమందికి ఈ తేడా తెలియదు.

వీధి వ్యాపారులకు కూడా ఈ దారే బాగా నప్పుతుంది. 2014 చట్టం ప్రకారం ఖాళీ చేయించే ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి నకలివ్వాలి. వ్యాపారి అడిగితే పాడైపోయే సరుకు ఆరోజే, మిగతాది రెండు పనిదినాల్లో విడుదల చేయాలి. పండ్ల బండి పోయినవాడికి వారం తర్వాత దొరికే పెద్ద వకీలుతో ఏం పని? ఆ సాయంత్రమే మున్సిపల్ ఆఫీసుకు అర్జీ రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకునే కుర్రాడు కావాలి.

లోపం ఒకటే, అది చిన్నది కాదు. పరీక్షలొస్తే క్లినిక్ మూతపడుతుంది, సెలవులొస్తే మూతపడుతుంది, ఏడాది మారితే కొత్త ముఖాలు, పాత ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అందుకే గడువున్న ఏ కాగితాన్నీ వీళ్ల చేతికే వదలకూడదు. ఫైళ్లు సంఘం బీరువాలో, తాళం గుమాస్తా దగ్గర.

నాలుగో దారి: కేసుల ఫండు

వినడానికి ఘనంగా ఉంటుంది, నడపడం కష్టం. ఎవరి కేసుకు ఇవ్వాలి అన్న మొదటి ప్రశ్నకే సంఘం రెండు ముక్కలవుతుంది. ఒక సివిల్ దావా ఏళ్లు పడుతుంది, డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేయించుకోవడానికి మళ్లీ పిటిషన్, మళ్లీ వాయిదాలు. మొదటి ఏడాది డబ్బు కట్టి మూడో ఏడాది ఆపేస్తే సభ్యుడు నడిమధ్యలో చిక్కుకుంటాడు. వకీలును మార్చాలంటే పాత వకీలు సమ్మతి గానీ, అది దొరక్కపోతే కోర్టు అనుమతి గానీ కావాలి, బాకీ ఉన్న ఫీజు దగ్గర పేచీ వస్తుంది. ఫీజు రాలేదని ఫైలు ఆపుకునే హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. అయినా ప్రతి కాగితం నకలు సభ్యుడి ఇంట్లో ఉండటమే మేలు.

అయినా పెట్టాలనుకుంటే తిరిగొచ్చే ఫండుగా పెట్టండి. కోర్టు ఫీజుకు, నకళ్లకు మాత్రమే, మనిషికి 5,000 దాటకుండా. పై లెక్కలోని 36,000 నిల్వతో ఏడుగురికి సరిపోతుంది. లోక్ అదాలత్‌లో తేలి ఫీజు వాపసైతే అది ఫండుకే కడతానని ముందే రాయించుకోవాలి. ఎంపిక కమిటీలో అధ్యక్షుడు, కోశాధికారితో పాటు సంఘానికి బయటివాళ్లు ఒకరుండాలి, రిటైరైన మాస్టారైనా సరే.

చందా ఎక్కడిది, దానితో వచ్చే తంటా

సభ్యుల చిన్న చందా నిలకడైన డబ్బు. జిన్నింగ్ మిల్లు యజమానో, బంగారం షాపు వాళ్లో ఒకేసారి లక్ష ఇస్తే ఆనందమే. కానీ ఏడాది తిరిగేలోగా ఆ దాత మీదే ఒక చిన్న సప్లయరు బాకీ ఫిర్యాదుతో వచ్చే అవకాశం చిన్నది కాదు. దాతకు సాయానికి వచ్చినవాళ్ల జాబితా చూపం, కేసుల వివరం చెప్పం, మీకు ఎదురుగా వచ్చినవాళ్లకు కూడా సాయం చేస్తాం అని విరాళం రసీదు వెనకే అచ్చు వేయండి. అది చదివి వెనక్కి తీసుకునే దాత డబ్బు మనకు అక్కర్లేదు. ఈ డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు. బతుకమ్మ ఖర్చులకు 'వాడి మళ్లీ వేద్దాం' అన్న మాట ఒక్కసారి చెల్లితే ఏటా చెల్లుతుంది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ అడ్తి (కమిషన్) వ్యాపారుల సంఘం ఇలాంటి సేవ పెడితే రైతుకూ అడ్తిదారుకూ మధ్య బాకీలను ముందే హద్దు బయట పెట్టాలి. లేదంటే మొదటి నెలలోనే 'సంఘం వకీలు రైతు మీదికి వచ్చాడు' అన్న మాట పుడుతుంది.

ఎవరికి ఏది

రెండు వందల మంది ఉన్న పట్నం సంఘానికి వారానికి ఒకటి రెండు పూటల వకీలు, అర్హులైనవాళ్లను న్యాయ సేవాధికార సంస్థకు పంపే గుమాస్తా. చేతిపనివాళ్ల, మరమగ్గాల సొసైటీకి ముందు ఉద్యమ్ నమోదు, బిల్లుల క్రమం చూసే విద్యార్థులు, కౌన్సిల్ ఫిర్యాదు ఒకసారి సరిచూసే వకీలు, నెలకు ఒక్క పూట చాలు. వీధి వ్యాపారులకు వలంటీర్లు, 15100. ములుగు, ఏటూరునాగారం వైపు పది పదిహేను దుకాణాలే ఉన్న ఊళ్లలో సొంతంగా ఏదీ పెట్టనక్కర్లేదు. కామన్ సర్వీస్ సెంటర్ నుంచి టెలీ లా అనే ప్రభుత్వ సేవ ద్వారా వకీలుతో ఫోన్‌లోనో వీడియోలోనో మాట్లాడొచ్చు. సలహా వరకు అది బాగానే పనిచేస్తుంది, నోటీసు రాయించడానికి మాత్రం పట్నం రావాల్సిందే.

ముప్పై మంది కూడా లేని సంఘమైతే పక్క వీధి సంఘంతో కలిసి పెట్టుకోండి. ఇద్దరు అధ్యక్షులు ఒక బల్ల దగ్గర కూర్చోగలిగితే ఖర్చు సగమవుతుంది. కూర్చోగలరా అన్నది న్యాయశాస్త్రం తేల్చే ప్రశ్న కాదు.

ఏ దారి ఎంచుకున్నా గుమాస్తా బల్ల మీద ఒక చీటీల పుస్తకం ఉండాలి. చీటీలో ఐదే గళ్లు: కాగితం ఎవరి నుంచి వచ్చింది, చేతికి ముట్టిన తేదీ, ఆఖరి గడువు, ఎదుటి పక్షం పేరు, వకీలు చూసిన తేదీ. ఎదుటి పక్షం పేరు రాయగానే పాత చీటీలు తిరగేసి, అదే పేరు ఇదివరకు సాయం అడిగిందేమో చూడాలి. గడువు గడిని ఎర్ర పెన్నుతో, వకీలే నింపాలి, గుమాస్తా కాదు. నోటీసు తెచ్చేవాళ్లకు మొదటి రోజు నుంచే చెప్పాల్సింది ఇంకొకటుంది: కవరు చించి పారేయకండి. నోటీసు మీద ఏ తేదీ వేసుకున్నా, అది మీకు ఎప్పుడు ముట్టిందో చూపే ఆధారం ఆ కవరు మీది పోస్టల్ ముద్రే.